కంకుల తోరణం, బెండు నక్షత్రం

క్రిస్మస్ చెట్టు అనగానే మన కళ్ల ముందు మెదిలేది మంచు కప్పిన ఏదో చలిదేశపు చెట్టు. తుంగభద్ర ఒడ్డున డిసెంబరులో మంచు ఎక్కడిది? తెల్లవారుజామున పొలాల మీద పల్చగా పొగమంచు పరచుకుంటుంది. తొమ్మిదయ్యేసరికి అది కూడా ఉండదు, ఎండ చుర్రుమంటుంది. అయినా ప్రతి ఏడూ సిరుగుప్ప బజారులో, బళ్లారి దుకాణాల్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ చెట్లు, వాటిమీద తెల్ల ప్లాస్టిక్ మంచు, మెరుపు కాగితం తోరణాలు వ్రేలాడుతూనే ఉంటాయి. మనమూ కొంటూనే ఉంటాం. రెండో ఏడాదికి వాటి రంగు వెలుస్తుంది. మూడో ఏడాదికి చెత్తకుప్ప చేరతాయి.

ఇలా కొనడం తప్పని చెప్పడానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు. మా పొలాల్లో, మా గట్ల మీద దొరికే వస్తువులతోనే పండుగ అలంకరణలు చేసుకోవచ్చునని, వాటిలో అందంతో పాటు అర్థం కూడా ఉందని గత రెండేళ్లుగా కళ్లారా చూశాను. ఆ ముచ్చట్లు మన పాఠకులతో పంచుకోవాలనిపించింది.

పచ్చకొమ్మ కథ

చలికాలంలో ఆకు రాలని చెట్ల కొమ్మలు తెచ్చి ఇల్లు అలంకరించుకోవడం ఐరోపా వాసుల పాత అలవాటు. క్రిస్మస్ చెట్టు జర్మనీ ప్రాంతాల్లో మొదలైంది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను లండన్‌లోని ఒక సచిత్ర వారపత్రిక అచ్చువేశాక ఇంగ్లీషు వారి ఇళ్లలో అది బాగా వ్యాపించింది. అంటే వారు కూడా తమ అడవిలో దొరికినదానితోనే పండుగ చేసుకున్నారు. మనకు మాత్రం వారి చెట్టు ప్లాస్టిక్ రూపంలో వచ్చి చేరింది.

బళ్లారికి క్రైస్తవ మిషనరీలు వచ్చి రెండు వందల సంవత్సరాలు దాటింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లోనే ఇక్కడ స్థిరపడ్డాడు. గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842లో వచ్చాడు. మా కుటుంబం ఆ గుంటూరు సంఘాల నుంచి వచ్చినదే. మా పెద్దవాళ్లు చెప్పేదాన్ని బట్టి గుడిసె ప్రార్థనా మందిరాలకు పండుగనాడు మామిడాకుల తోరణాలు, అరటి బోదెలు, బంతిపూల దండలే అలంకారం. పెళ్లికి ఏవి కడతారో పండుగకూ అవే. సముద్రం దగ్గరి ఊళ్లలో సరుగుడు కొమ్మ నరికి, ఇసుక పోసిన బకెట్టులో పాతి, దూదిని మంచులా అంటించేవారు. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగుకాగితం అతికించి, లోపల దీపం పెట్టి ఎత్తుగా వ్రేలాడదీసేవారు. ఆరాధన మన నేలకు తగిన రూపంలో ఉండాలన్న ఆలోచన ఆనాటి పెద్దల్లో చాలామందికి ఉంది. బిషప్ అజరయ్య గారి హయాంలో కట్టి, 1939లో ప్రతిష్ఠ చేసిన దోర్నకల్ దేవాలయం చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

గుడ్డ అంటే బట్ట కాదు

కెంచనగుడ్డ బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. కోస్తా నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు ఈ పేరు విని ముందు నవ్వుతారు. గుడ్డ అంటే మనకు బట్ట, కన్నడంలో కొండ. ఆరు నెలలు ఇక్కడ ఉంటే ఆ నవ్వు తగ్గి, కొండే కనబడుతుంది.

1953లో బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలో చేరింది. అదే ఏడాది తుంగభద్ర ఆనకట్ట నీళ్లు కాలువల్లోకి వచ్చాయి. ఆ నీళ్ల వెంటే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి ఇక్కడ భూములు కొన్నారు, పొలాల మధ్యనే ఇళ్లు వేసుకున్నారు. ఆ నివాసాలకే క్యాంపులని పేరు. భూములు కొన్నవారితో పాటు కూలికి వచ్చిన కుటుంబాలూ చాలా ఉన్నాయి. జొన్న, పత్తి పండిన నల్లరేగడిలో వరి వచ్చింది. 2024 ఆగస్టులో ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయిన వారం రోజులూ మా క్యాంపుల్లో ఎవరికీ నిద్ర లేదు. మా బ్రతుకు ఎంతగా ఆ నీటిమీద ఆధారపడి ఉందో చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఖరీఫ్ వరి ఇక్కడ నవంబరు చివర, డిసెంబరులో కోతకు వస్తుంది. అంటే క్రిస్మస్‌కు సరిగ్గా ముందు. పండుగ అలంకరణకు కావలసిన సరుకంతా పొలంలో బంగారు రంగులో నిలబడి ఉంటుంది. దాన్ని వదిలి మేము ప్లాస్టిక్ కోసం బజారుకు వెళుతున్నాం.

కుచ్చు కట్టే చేతులు

మా క్యాంపులో ఎనభై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు. పిల్లలందరికీ ఆమె అమ్మమ్మే. గుంటూరు వైపు నుంచి పెళ్లయిన కొత్తలో భర్తతో కలిసి కూలికి వచ్చారు. వరి కుచ్చు కట్టడం వచ్చిన మనిషి మా చుట్టుప్రక్కల ఆమె ఒక్కరే మిగిలారు.

కుచ్చు అంటే కోస్తా పాఠకులకు చెప్పనక్కర్లేదు. కోత కాలంలో కంకులను జడలా అల్లి, గుత్తిగా కట్టి, చూరుకో గుమ్మానికో గుడి మండపానికో వ్రేలాడదీస్తారు. సంక్రాంతి నాటికి పిచ్చుకలు వచ్చి ఆ గింజలు తింటాయి. ఇంటికి అందం, పక్షికి ఆహారం.

రెండేళ్ల క్రితం మా ప్రార్థనా మందిరానికి ఏం అలంకరణ చేయాలన్న చర్చ వచ్చింది. కుర్రవాళ్లు పెద్ద ప్లాస్టిక్ చెట్టు కొందామన్నారు. అమ్మమ్మ అంతా విని, "నేను ఇక్కడికి వచ్చిన మొదటేడు మన దగ్గర చెట్టూ లేదు, కాగితమూ లేదు. పరిగె ఏరుకొచ్చిన కంకులే కట్టాం. పండుగ కాకపోయిందా?" అన్నారు.

పరిగె అన్న మాట నేను విని చాలాకాలమైంది. కోత అయ్యాక పొలంలో రాలి మిగిలిన కంకులను కూలివాళ్లు ఏరుకోవడమే పరిగె. బైబిలు చదివేవారికి రూతు కథలో ఈ మాట తెలుసు. రూతు పరిగె ఏరుకున్నది బేత్లెహేము పొలాల్లోనే. హీబ్రూ భాషలో బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు అని అర్థం. మన లెక్కన అన్నపు ఇల్లు. అక్కడ పుట్టిన బిడ్డను పడుకోబెట్టింది పశువులు మేసే తొట్టిలో. అలా చూస్తే ఈ పండుగకు గడ్డిపోచ కంటే తగిన అలంకారం ఏముంటుంది?

యంత్రం రాకముందు

అయితే ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఇప్పుడు మా దగ్గర కొడవలితో కోసేవారు దాదాపు లేరు. కోత యంత్రం గంట లెక్కన వస్తుంది, కోస్తుంది, నూర్చి గింజలను ట్రాక్టరులో పోసి వెళుతుంది. వెనుక పడే గడ్డి నలిగి, విరిగి ఉంటుంది. కొందరు దాన్ని మోపులుగా కట్టించి పశువులకు వాడతారు, కొందరు పొలంలోనే నిప్పు పెడతారు. కుచ్చు కట్టాలంటే మాత్రం మూరెడు కాడతో నిలువుగా ఉన్న కంకి కావాలి. యంత్రం వెళ్లాక అది దొరకదు. అంటే ఈ పని మరుగున పడటానికి కారణం మరచిపోవడం ఒక్కటే కాదు, సరుకు లేకుండా పోవడం కూడా. ఏరుకునే పరిగె కూడా దానితోనే పోయింది.

ప్రక్క పొలం రైతు కన్నడిగుడు, మా చిరకాల మిత్రుడు. ఆయన దగ్గరకు అమ్మమ్మను వెంటబెట్టుకుని వెళ్లాం. యంత్రం మర్నాడు ఉదయమే వస్తుంది. "గట్టు ప్రక్క ఒక మూల మాకు వదలండి, మేమే కోసుకుంటాం" అని అడిగాం. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "యంత్రం మూల తిరిగేటప్పుడు ఎలాగూ కొంత నలుగుతుంది, ఈ పూటే వచ్చి కోసుకోండి" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కట్టిన వాటిలో ఒకటి తన ఇంటి గుమ్మానికి ఇమ్మన్నాడు.

పొలం అంచుల దాకా కోయవద్దని, మూలలు బీదలకు, పరదేశులకు వదలమని లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉంది. ఎన్నోసార్లు చదివిన మాటే. పరాయి రాష్ట్రానికి వచ్చి స్థిరపడ్డ మాకు మూల వదిలిన ఆ మనిషి వల్ల దాని అర్థం కంటికి కనబడింది.

కట్టే పద్ధతి

కంకి పసుపు రంగుకు తిరిగినా కాడలో కాస్త పచ్చి ఉన్నప్పుడే కోయాలి. పూర్తిగా ఎండితే గింజ రాలుతుంది, కాడ విరుగుతుంది. ఆకులన్నీ దూసేసి, కాడలను అరగంట నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. ఐదారు కంకులను ఒక చిటికెడుగా తీసుకుని, మూడు చిటికెళ్లతో జడ మొదలుపెడతారు. ప్రతి మెలికకూ ఒక కొత్త చిటికెడు చేరుస్తూ పోతే కంకులన్నీ ఒకే ప్రక్కకు వ్రేలాడుతాయి. ఆ జడను గుండ్రంగా చుట్టి, వరుస క్రింద వరుసగా దారంతో బిగిస్తే గంట ఆకారం వస్తుంది. పొడవుగానే వదిలేస్తే గుమ్మానికి తోరణం అవుతుంది. రెండు కొసలు కలిపితే తలుపుకు తగిలించే వలయం.

"గట్టిగా బిగించండి, రేపు ఎండితే కాడ సన్నబడి వదులవుతుంది" అని అమ్మమ్మ పదే పదే చెప్పారు. బిగువు తెలిస్తే మిగతాదంతా ఓపికేనట.

జొన్న బెండు నక్షత్రం

జొన్న దంటుతో బండ్లు, కళ్లద్దాలు చేసుకుని ఆడుకున్న తరం మాది. అదే పనితనంతో నక్షత్రాలు చేయవచ్చు. చొప్ప వామి నుంచి బాగా ఎండిన దంట్లు తీసుకుని పైపెచ్చు ఒలిస్తే లోపల తెల్లటి మెత్తని బెండు వస్తుంది. పెచ్చును సన్నని పుల్లలుగా చీల్చాలి. మధ్యలో అంగుళం బెండు ముక్క పెట్టి, చుట్టూ పుల్లలు గుచ్చి, ప్రతి పుల్ల కొసన చిన్న బెండు ముక్క గుచ్చితే నక్షత్రం సిద్ధం. జిగురు అక్కర్లేదు, మేకు అక్కర్లేదు. పసుపు నీళ్లలో ముంచితే పసుపుపచ్చ. ఆ పసుపు నీళ్లలోనే చిటికెడు సున్నం కలిపితే ఎరుపు. పెచ్చు అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి ఒలిచే పని పెద్దవాళ్లే చేయాలి.

దీపం పెట్టే పెద్ద నక్షత్రానికి వెదురు బద్దలే మేలు. సమానమైన పది బద్దలు కావాలి. ఐదింటితో ఒక నక్షత్రం, మిగిలిన ఐదింటితో ఇంకొకటి కట్టి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి ఉంచి ఐదు కొసలూ కలిపి కట్టేయాలి. బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల రెండు నక్షత్రాల మధ్య నాలుగంగుళాల పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బుతుంది. పైన పల్చటి కాగితం, మైదా జిగురు. మా పిల్లలు కాగితం మీద పత్తి ఆకులు, వేపరెమ్మలు అతికించారు. లోపల దీపం వెలిగితే ఆ ఆకుల నీడలు గోడమీద కనబడ్డాయి.

ముళ్లచెట్టే క్రిస్మస్ చెట్టు

ఇక చెట్టు సంగతి. మా దగ్గర ఎక్కడ చూసినా పెరిగేది సర్కారు తుమ్మ. కన్నడంలో దాని పేరే బళ్లారి జాలి. అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దంలో మన దేశానికి వచ్చి, బంజర్లను ఆక్రమించిన చెట్టు. దీన్ని నరికితే ఏ రైతూ బాధపడడు, సంతోషిస్తాడు. బాగా కొమ్మలున్న ఎండు మండను తెచ్చి, మట్టికుండలో ఇసుక పోసి పాతాం. పత్తి తీసేశాక చెట్టున మిగిలే గుల్లలు నాలుగైదు రేకుల చెక్కపూలలా ఉంటాయి. వాటిని కొమ్మలకు కట్టాం. గుల్లలో అక్కడక్కడ అంటుకుని ఉన్న దూదే మా మంచు. ముళ్లను మాత్రం తీయవద్దని ఒక అమ్మాయి పట్టుబట్టింది. పుట్టిన బిడ్డకు తరువాత పెట్టబోయే కిరీటం ముళ్లదే కదా అంది. పద్నాలుగేళ్ల పిల్ల మాటకు పెద్దలెవరూ బదులు చెప్పలేకపోయారు. ముళ్లు అలాగే ఉంచాం, చెట్టును మాత్రం పసిపిల్లలకు అందనంత ఎత్తులో పెట్టాం.

గడ్డికి ఎల్లలు లేవు

ఇదంతా బీదతనపు అలంకరణ అనుకునేవారికి ఒక మాట. ఫిన్లాండులో రై గడ్డి గొట్టాలను దారానికి గుచ్చి, గాలిలో తిరిగే అలంకారాలు కట్టి క్రిస్మస్‌కు భోజనపు బల్ల మీద వ్రేలాడదీస్తారు. వాటి పేరు హిమ్మెలి. ఆకాశం అనే అర్థమున్న స్వీడిష్ మాట నుంచి వచ్చింది. సమానమైన 12 గడ్డి ముక్కలతో ఎనిమిది ముఖాల వజ్రం ఆకారం కట్టడం దీనికి మొదటి పాఠం. లిథువేనియాలో ఇలాంటివే సొదాయి అంటారు. 2023లో యునెస్కో ఆ కళను మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. స్వీడన్‌లోని యావ్లె పట్టణంలో 1966 నుంచి క్రిస్మస్‌కు పెద్ద గడ్డిమేకను నిలబెడుతున్నారు. మొదటి ఏడాదే నూతన సంవత్సరపు ముందురోజు రాత్రి ఎవరో దాన్ని తగలబెట్టారు. ఆ తరువాత కూడా ఎన్నోసార్లు అది కాలిపోయింది. అయినా వారు కడుతూనే ఉన్నారు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరచినది నార్వే ఆచారం. అక్కడ క్రిస్మస్‌కు ఓట్స్ కంకుల కట్టను కర్రకు కట్టి పక్షుల కోసం ఇంటి ముందు నిలబెడతారు. మంచుదేశపు రైతుకూ, మన గోదావరి రైతుకూ పండుగపూట తోచిన మొదటి ఆలోచన ఒక్కటే. పిచ్చుకకు నాలుగు గింజలు.

కొన్ని జాగ్రత్తలు

గడ్డి దగ్గర కొవ్వొత్తి, ప్రమిద పెట్టకూడదు. వేడెక్కని చిన్న ఎల్.ఇ.డి. దీపాల తీగ వాడండి. కుచ్చులను నీడలో వారం రోజులు ఆరనివ్వకపోతే బూజు పడుతుంది. రాత్రిళ్లు ఎలుకలు రాకుండా దూలానికి సన్నని తీగతో వ్రేలాడదీయాలి. ఎరుపు కోసం గురివింద గింజలు మాత్రం వాడవద్దు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి కానీ వాటిలో ప్రాణాంతకమైన విషం ఉంది, పసివాళ్లు నమిలితే ప్రమాదం. ఎండుమిరపకాయల దండ అందంగానే ఉంటుంది, కట్టిన చేతులతో కళ్లు నులుముకోకుండా చూసుకోవాలి.

జమాఖర్చులు

నేను కామర్స్ చదివి, బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి లెక్క చెప్పకపోతే వ్యాసం పూర్తయినట్లు ఉండదు. దారం 40 రూపాయలు, పల్చటి కాగితం 60, దీపాల తీగ 250, పని చేసిన పిల్లలకు ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు 300. వెరసి 650 రూపాయలు. బజ్జీల ఖర్చే అన్నిటికంటే ఎక్కువ. అంతకు ముందటి ఏడాది ప్లాస్టిక్ సరుకుకు దీనికి నాలుగు రెట్లు పెట్టాం.

ఖర్చు పుస్తకంలోకి ఎక్కని జమ ఒకటి ఉంది. మా పిల్లలు చదివేది కన్నడ, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడినా, అన్నం, నీళ్లు, బడి అన్న మాటలు దాటి పోవడం లేదు. ఆ నాలుగు సాయంత్రాల్లో వారి నోటికి పెచ్చు, దంటు, చొప్ప, వామి, గుల్ల, పరిగె అన్న మాటలు వచ్చాయి. ఎవరూ పలకమీద వ్రాసి నేర్పలేదు. వస్తువు చేతిలో ఉంటే దాని పేరు అడగక తప్పదు కదా. ప్రక్క పొలం రైతు పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. వరి వారికి భత్త, జొన్న జోళ, గడ్డి హుల్లు. కుచ్చు, బెండు మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. ఆ సంగతి కనిపెట్టింది పిల్లలే.

ఆ ఏడు క్రిస్మస్ రాత్రి ప్రార్థనకు వచ్చినవారంతా గుమ్మం దగ్గర ఆగి తలెత్తి చూశారు. కొత్త సంవత్సరం వెళ్లాక కుచ్చులను బయట వేపచెట్టుకు కట్టేశాం. సంక్రాంతి దాకా పిచ్చుకలు వచ్చాయి. తరువాత మిగిలిన గడ్డి ఆవు మేసింది. చెత్తకుప్పకు వెళ్లినది ఏమీ లేదు.

గత డిసెంబరులో అమ్మమ్మ చూపు బాగా తగ్గింది. కుర్చీలో కూర్చుని వేళ్లతో తడిమి, "ఇది వదులు, విప్పి మళ్లీ కట్టు" అని చెప్పారు. కట్టినవి ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. కాబట్టి ఇప్పుడు మా క్యాంపులో కుచ్చు కట్టడం వచ్చినవారు ఒకరు కాదు, ఐదుగురు.

బెంగళూరులో, ముంబయిలో, విదేశాల్లో ఉన్న మన పాఠకులకు వరిపొలం దగ్గర ఉండకపోవచ్చు. మీరున్నచోట రాలే ఆకు, ఎండే కాయ, దొరికే గడ్డి ఏదో ఉంటుంది, అదే వాడండి. సొంత ఊళ్లో మీకూ ఇలాంటి పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు. ఆమెకు ఏ పని వచ్చో ఈసారి ఫోనులో అడగండి. పొలం ఉన్నవారికి మాత్రం ఒక్క మనవి: యంత్రం వచ్చే ముందురోజు గట్టు ప్రక్కన ఒక మూల వదలండి.